ఉద్యోగం పోయాక భృతి తీసుకుంటూ చిన్న పని చేసుకోవచ్చా? నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఉద్యోగం పోయినంత మాత్రాన ఎవరూ ఇంట్లో ఖాళీగా కూర్చోరు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, చీటీ వాయిదాలు, ఈఎంఐలు ఆగవు కాబట్టి కూర్చోలేరు కూడా. ఇంకో ఉద్యోగం దొరికేలోపు సాయంత్రం పూట బైక్ మీద డెలివరీలు చేస్తారు. తెలిసినవారి దుకాణంలో లెక్కలు చూస్తారు. నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతారు. సొంతూరు వెళ్లి పొలం పనుల్లో చేయి వేస్తారు.

ఇదే సమయంలో ఈఎస్ఐ నుంచి నిరుద్యోగ సాయం కోసం దరఖాస్తు చేసి ఉంటే పరిస్థితి ఏమిటి? ఆ చిన్న సంపాదన గురించి చెప్పాలా? చెబితే సాయం కొంత తగ్గుతుందా, మొత్తం ఆగిపోతుందా? చెప్పకపోతే ఏమవుతుంది?

అమెరికా, జర్మనీ వంటి దేశాల్లో ఈ ప్రశ్నలకు లెక్క కట్టి చెప్పే సూత్రాలున్నాయి. భారత్‌లో నిరుద్యోగ సాయం పథకాలు మాత్రం మనిషిని రెండే రకాలుగా చూస్తాయి: ఉద్యోగం ఉన్నవారు, లేనివారు. మధ్యలో ఉన్నవారికి చోటు లేదు. కానీ ఉద్యోగం పోయిన చాలామంది ఉండేది ఆ మధ్యలోనే.

భారత్‌లో నిరుద్యోగ భృతి ఎవరికి వస్తుంది?

దేశంలో పనిచేసేవారందరికీ వర్తించే నిరుద్యోగ బీమా లేదు. ఉన్నవి వేర్వేరు ఏర్పాట్లు. ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు రెండు పథకాలున్నాయి. పీఎఫ్ ఖాతా ఉన్నవారు ఉద్యోగం పోయాక తమ డబ్బు తీసుకోవచ్చు. లేఆఫ్‌లో ఉన్న కార్మికులకు యాజమాన్యం సగం జీతం ఇవ్వాలి. ఇవి కాక, చదువుకున్న నిరుద్యోగులకు కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నెలనెలా కొంత మొత్తం ఇస్తున్నాయి.

వీటిలో ఒక్కోదానికి ఒక్కో షరతు. 'పని చేస్తే ఏమవుతుంది' అనే ప్రశ్నకు ఒక్కోచోట ఒక్కో జవాబు. అందుకే ఒకదాని నిబంధనను ఇంకోదానికి అన్వయించుకుని నష్టపోయే ప్రమాదం ఉంది.

అటల్ పథకం: సగం జీతం, 90 రోజులు

ఈఎస్ఐ కార్పొరేషన్ 2018 జులై 1న 'అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన'ను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. మొదట సగటు రోజు సంపాదనలో 25 శాతం చొప్పున సాయం ఇచ్చేవారు. కోవిడ్ సమయంలో, 2020లో, దీన్ని 50 శాతానికి పెంచారు. ఉద్యోగం పోయిన 90 రోజులకు కాకుండా 30 రోజులకే సాయం అందేలా మార్చారు. యజమాని ద్వారా కాకుండా కార్మికుడే నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. ఆ తర్వాత పథకం గడువును విడతలవారీగా పొడిగిస్తూ వచ్చారు.

ఈ సాయం జీవితకాలంలో గరిష్ఠంగా 90 రోజులకే వస్తుంది. కనీసం రెండేళ్లు ఈఎస్ఐ పరిధిలోని ఉద్యోగంలో ఉండాలి. ఉద్యోగం పోవడానికి ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు, అంతకుముందు మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. దుష్ప్రవర్తన కారణంగా తొలగించినవారికి, పదవీ విరమణ లేదా స్వచ్ఛంద విరమణ చేసినవారికి ఇది వర్తించదు.

ఈఎస్ఐ వేతన పరిమితి 2017 నుంచి నెలకు 21,000 రూపాయలు. అంటే ఇది తక్కువ జీతం వచ్చేవారి పథకం. చిన్నాచితకా పనులు చేసుకోవాల్సిన అవసరం ఎక్కువగా ఉండేది కూడా వారికే.

చిన్న పని చేస్తే ఈ సాయం ఆగిపోతుందా?

సాయం కోరుతున్న కాలమంతా దరఖాస్తుదారు నిరుద్యోగిగా ఉండాలన్నది అటల్ పథకం మూల షరతు. ఇంత సంపాదన వరకు ఫర్వాలేదు, ఇన్ని గంటల వరకు పని చేయవచ్చు అన్న మినహాయింపు ఏదీ అందులో లేదు. సంపాదించినంత మేరకు సాయాన్ని తగ్గించే పద్ధతి కూడా లేదు.

పార్ట్ టైమ్ ఉద్యోగాలకు నేరుగా తగిలే నిబంధన మాత్రం ఒకటుంది. ఒక కార్మికుడు ఇద్దరు యజమానుల దగ్గర ఈఎస్ఐ పరిధిలో పని చేస్తుంటే, రెండు ఉద్యోగాలూ పోతేనే అతన్ని నిరుద్యోగిగా పరిగణిస్తారు. పగలు ఫ్యాక్టరీలో, రాత్రి మరో సంస్థలో సెక్యూరిటీ గార్డుగా పని చేసే వ్యక్తికి ఫ్యాక్టరీ ఉద్యోగం పోయి, గార్డు పని మిగిలితే అటల్ సాయం రాదు. పోయింది 15,000 రూపాయల జీతమైనా, మిగిలింది 5,000 రూపాయల పనైనా అంతే.

సాయం తీసుకుంటున్న సమయంలో ఈఎస్ఐ పరిధిలోని ఏ సంస్థలో చేరినా విషయం దాగదు. కార్మికుడి బీమా నంబర్ ఒక్కటే. దానికి ఆధార్, బ్యాంకు ఖాతా అనుసంధానమై ఉంటాయి. కొత్త యజమాని చందా కట్టగానే ఆ నంబర్ కిందే నమోదవుతుంది.

దరఖాస్తుతో పాటు తాను నిరుద్యోగినని కార్మికుడు లిఖితపూర్వకంగా ప్రకటించాలి. తెలిసి తప్పుడు ప్రకటన ఇచ్చి ప్రయోజనం పొందడాన్ని 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించదగిన నేరంగా పేర్కొంది. అర్హత లేకుండా తీసుకున్న సొమ్మును తిరిగి కట్టాలని కూడా చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఇప్పుడు ఆ చట్టం స్థానంలో ఉంది. చట్టం మారినా సంతకం పెట్టే కాగితం విలువ తగ్గలేదు.

పని చేస్తే నష్టం, చేయకపోతే లాభం: ఒక లెక్క

నెలకు 18,000 రూపాయల జీతంతో రెండేళ్లు పని చేసిన కార్మికుడిని ఊహించుకుందాం. రెండేళ్ల సంపాదన 4,32,000 రూపాయలు. దాన్ని 730 రోజులకు భాగిస్తే రోజు సగటు సుమారు 592 రూపాయలు. అందులో సగం, అంటే 296 రూపాయల చొప్పున 90 రోజులకు దాదాపు 26,600 రూపాయల సాయం వస్తుంది. నెలకు సుమారు 8,900.

ఆయనకు నెలకు 6,000 రూపాయలు వచ్చే పూటపని ఒకటి దొరికింది. దాన్ని ఒప్పుకొని, ఆ సంగతి చెప్పి, సాయం మొత్తం పోగొట్టుకుంటే మూడు నెలల్లో వచ్చేది 18,000 రూపాయలు. ఏ పనీ చేయకుండా ఉంటే వచ్చే దానికంటే ఇది 8,600 తక్కువ.

అదే, సంపాదనలో నాలుగో వంతును వదిలేసి మిగిలినదాన్ని మాత్రమే సాయంలోంచి తగ్గించే సూత్రం ఉందనుకుందాం. 6,000లో 1,500 వదిలేస్తే తగ్గించేది 4,500. అప్పుడు నెలకు సుమారు 4,400 సాయం, 6,000 సంపాదన కలిపి 10,400 రూపాయలు చేతికొస్తాయి. మూడు నెలలకు దాదాపు 31,000. ఈఎస్ఐ నిధి నుంచి వెళ్లేది 13,000 మాత్రమే. అంటే కార్మికుడికి 4,500 రూపాయలు లాభం, నిధికి 13,500 రూపాయలు మిగులు.

ఉంటే పూర్తి సాయం, లేకపోతే సున్నా అన్న పద్ధతిలో మిగిలే దారులు మూడు. పని మానుకోవడం, సాయం వదులుకోవడం, పనిని దాచిపెట్టడం. నిజాయితీగా ఉన్నవారికే ఎక్కువ నష్టం జరిగే ఏర్పాటు ఇది.

రాజీవ్ గాంధీ పథకంలో ఎలా?

ఈఎస్ఐలో ఇంకో పాత పథకం ఉంది. 2005 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ జరిగినా, పనితో సంబంధం లేని గాయం వల్ల 40 శాతం లేదా అంతకుమించి శాశ్వత వైకల్యం వచ్చినా ఇది వర్తిస్తుంది. మొదటి 12 నెలలు వేతనంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. ఈ కాలంలో వైద్య సేవలు కూడా అందుతాయి.

ఇంకోచోట ఉద్యోగంలో చేరితే ఈ భృతి ఆగిపోతుంది. ఇక్కడా కొంత తగ్గింపు అన్నమాట లేదు. 24 నెలలంటే చిన్న కాలం కాదు. పాత జీతంలో మూడో వంతు ఇచ్చే ఉద్యోగం మధ్యలో దొరికితే చేరాలా, వద్దా అన్న ప్రశ్న ఇక్కడ ఇంకా బరువైనది. తక్కువ జీతం పని చేస్తూ మెల్లగా పెద్ద ఉద్యోగానికి ఎదిగే అవకాశం ఉన్నవారిని కూడా ఈ నిబంధన వెనక్కి లాగుతుంది.

పీఎఫ్ విషయం వేరు

పీఎఫ్ భృతి కాదు, కార్మికుడి సొంత సొమ్ము. ఉద్యోగం పోయిన నెలకు 75 శాతం, రెండు నెలలకు మిగతా మొత్తం తీసుకునే వీలు 2018 నుంచి ఉండేది. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి దీన్ని మార్చాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం ప్రకారం 75 శాతాన్ని వెంటనే తీసుకోవచ్చు. మిగిలిన 25 శాతం కావాలంటే 12 నెలలు నిరుద్యోగిగా ఉండాలి. పింఛను ఖాతాలోని సొమ్ముకు 36 నెలలు ఆగాలి.

ఇక్కడ 'నిరుద్యోగి' అంటే అర్థం వేరు. పీఎఫ్ వర్తించే సంస్థలో ఉద్యోగం లేకపోవడమే కొలమానం. ట్యూషన్లు చెప్పినా, సొంతంగా కొట్టు పెట్టుకున్నా, పీఎఫ్ లేని చిన్న దుకాణంలో పని చేసినా ఈ విత్‌డ్రాకు అడ్డంకి కాదు. పార్ట్ టైమ్ అయినా సరే, పీఎఫ్ ఉన్న సంస్థలో చేరితే యూఏఎన్‌లో కొత్త చందా కనిపిస్తుంది, నిరుద్యోగ కాలం అక్కడితో తెగిపోతుంది.

ఒకే మనిషి, ఒకే ట్యూషన్ పని. పీఎఫ్ దృష్టిలో ఆయన నిరుద్యోగే. అటల్ పథకం దరఖాస్తులో మాత్రం ఆయన మాట అనుమానంలో పడుతుంది.

లేఆఫ్‌లో ఉన్నవారు వేరే పని చేయొచ్చా?

ముడిసరుకు లేకో, యంత్రాలు పాడయ్యో యాజమాన్యం తాత్కాలికంగా పని ఇవ్వలేకపోతే అది లేఆఫ్. ఐటీ కంపెనీలు ఉద్యోగులను శాశ్వతంగా పంపించేయడాన్ని కూడా వాడుకలో లేఆఫ్ అంటున్నారు. చట్టం దృష్టిలో అది రిట్రెంచ్‌మెంట్. లేఆఫ్‌లో ఉద్యోగం పోదు.

50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఫ్యాక్టరీల్లో, ఏడాది సర్వీసు ఉన్న కార్మికుడికి లేఆఫ్ రోజులకు మూలవేతనం, డీఏల్లో సగం ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. ఆ పరిహారం ఎప్పుడు పోతుందో కూడా చెప్పింది. అదే యాజమాన్యం దగ్గరలో ఇచ్చే ప్రత్యామ్నాయ పనిని నిరాకరిస్తే, రోజుకొక్కసారైనా నిర్ణీత సమయానికి హాజరు కాకపోతే, అదే సంస్థలోని మరో విభాగం సమ్మె వల్ల లేఆఫ్ వస్తే. సాయంత్రం వేరేచోట సంపాదించుకోవడం ఈ మూడింటిలో లేదు. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది.

ఈ కోడ్‌లో కొత్తగా చేరింది రీస్కిల్లింగ్ నిధి. రిట్రెంచ్‌మెంట్ అయిన ప్రతి కార్మికుడి కోసం యజమాని 15 రోజుల వేతనం ఆ నిధికి కట్టాలి. దాన్ని 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో వేయాలి.

'సంపాదన' అంటే ఏమిటి? సుప్రీంకోర్టు ఏమంది?

తొలగింపు కేసుల్లో న్యాయస్థానాల ముందుకు ఇదే ప్రశ్న ఏళ్లుగా వస్తోంది. అక్రమంగా తొలగించిన కార్మికుడిని తిరిగి తీసుకోవాలని తీర్పు వచ్చాక, మధ్య కాలపు జీతం ఇవ్వాలా అన్నది వివాదం. 'ఈయన ఈలోగా ఎక్కడో సంపాదించుకున్నాడు' అన్నది యాజమాన్యాల సాధారణ వాదన. ఈ తీర్పులు భృతి పథకాల గురించి కాకపోయినా, పనికీ నిరుద్యోగానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో చూపిస్తాయి.

1984లో రాజిందర్ కుమార్ కింద్రా కేసులో, ఉద్యోగం పోయిన వ్యక్తి కుటుంబంతో సహా మామగారి ఇంట్లో ఉంటూ ఆయన బొగ్గు డిపోలో సాయపడ్డాడు. దీన్ని ఉపాధిగా లెక్కించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇది ఉపాధి అయితే, బతకడానికి భిక్షమెత్తడాన్ని కూడా ఉపాధి అంటారేమోనని ఘాటుగా వ్యాఖ్యానించింది.

2007లో ఈశాన్య కర్ణాటక రోడ్డు రవాణా సంస్థ కేసులో మరో కోణం బయటికొచ్చింది. వ్యవసాయం మీద వచ్చిన ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదన్న వాదనను సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఆదాయం ఉద్యోగం నుంచి వచ్చినా స్వయం ఉపాధి నుంచి వచ్చినా చివరికి ఉపయోగపడేది ఒక్కలాగే అని చెప్పింది.

2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో కోర్టు ఇంకో మాట చేర్చింది. తనకు ఉద్యోగం లేదనో, ఉన్నా పాత జీతం కంటే తక్కువకే చేశాననో కార్మికుడు ముందుగా చెప్పాలి. ఆ తర్వాత, కాదని రుజువు చేయాల్సిన బాధ్యత యజమానిదే.

'పాత జీతం కంటే తక్కువకే' అన్న ఆ మాట ముఖ్యం. ఉద్యోగం ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య మరో స్థితి ఉందని న్యాయస్థానం గుర్తించింది. ఈఎస్ఐ పథకాలు మాత్రం ఇంకా గుర్తించలేదు.

డెలివరీ పని ఉద్యోగమా, కాదా?

ఇప్పుడు ఉద్యోగం పోయినవారికి అన్నింటికంటే త్వరగా దొరికేది యాప్ ఆధారిత పని. రైడర్‌కు, యాప్ కంపెనీకి మధ్య యజమాని-ఉద్యోగి సంబంధం లేదన్నది కంపెనీల వాదన. సామాజిక భద్రత కోడ్ కూడా గిగ్ వర్కర్‌ను సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట సంపాదించే వ్యక్తిగానే నిర్వచించింది. వారి సంక్షేమం కోసం అగ్రిగేటర్ సంస్థలు వార్షిక టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం కట్టాలని చెప్పింది.

మరి ఆ పని చేస్తున్నవారు 'నిరుద్యోగి' అవుతారా? ఉద్యోగ సంబంధమే లేదంటే అవ్వాలి. 2007 తీర్పు తర్కం ప్రకారం సంపాదన ఎక్కడిదైనా సంపాదనే కాబట్టి కాకూడదు. అటల్ పథకం 2018లో రూపొందినప్పుడు ఈ చిక్కును దృష్టిలో పెట్టుకోలేదు. ఫలితంగా, ఉద్యోగిగా హక్కులు లేని మనిషికి నిరుద్యోగిగా వచ్చే సాయం కూడా ప్రశ్నార్థకమవుతోంది.

ఇతర దేశాల్లో ఎలా లెక్కిస్తారు?

అమెరికాలో నిరుద్యోగ బీమా రాష్ట్రాలవారీగా నడుస్తుంది. లబ్ధిదారు క్రమం తప్పకుండా తన పనినీ సంపాదననూ ప్రకటించాలి. కాలిఫోర్నియాలో వారం సంపాదనలో 25 డాలర్లు లేదా 25 శాతం, ఏది ఎక్కువైతే దాన్ని వదిలేసి, మిగిలినది భృతిలో తగ్గిస్తారు. టెక్సస్‌లో వారపు భృతిలో 25 శాతానికి సమానమైన సంపాదన వరకు కోత ఉండదు. న్యూయార్క్ గంటల లెక్కన చూస్తుంది. వారానికి 10 గంటల వరకు కోత లేదు, ఆపై దశలవారీగా తగ్గిస్తూ 30 గంటలు దాటితే ఆ వారానికి భృతి ఇవ్వదు.

జర్మనీలో వారానికి 15 గంటల లోపు పని చేస్తే నిరుద్యోగిగానే పరిగణిస్తారు. నెలకు 165 యూరోల నికర సంపాదన వరకు భృతి తగ్గదు.

అమెరికాలోని తెలుగువారిలో అందరికీ ఈ వెసులుబాటు లేదు. హెచ్-1బీ వీసా ఉన్నవారు పిటిషన్ వేసిన సంస్థలోనే పని చేయాలి. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులో క్యాబ్ నడపడం, డెలివరీలు చేయడం వంటి పనులు వీసా నిబంధనల ఉల్లంఘన అవుతాయి.

రాష్ట్రాల నిరుద్యోగ భృతి సంగతేంటి?

ఇవి ఉద్యోగం పోయినవారికి కాదు, చదువు పూర్తయినా ఉద్యోగం రానివారికి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పథకం నెలకు 1,000 రూపాయలతో మొదలైంది. 2019 ఎన్నికల ముందు 2,000కు పెరిగింది, ప్రభుత్వం మారాక ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో కూటమి 3,000 రూపాయల హామీ ఇచ్చింది. తెలంగాణలో 2018లో టీఆర్ఎస్ 3,016 రూపాయలు, 2023లో కాంగ్రెస్ 4,000 రూపాయలు ప్రకటించాయి.

కర్ణాటకలో యువనిధి పథకం కింద పట్టభద్రులకు నెలకు 3,000, డిప్లొమా చేసినవారికి 1,500 రూపాయల చొప్పున గరిష్ఠంగా రెండేళ్లు ఇస్తారు. ఉద్యోగం వస్తే ఆపేస్తారు. రాజస్థాన్ మాత్రం 2022 జనవరి నుంచి తిరగేసిన పద్ధతి పెట్టింది. భృతి కావాలంటే రోజుకు నాలుగు గంటలు ప్రభుత్వ శాఖల్లో ఇంటర్న్‌గా పని చేయాలి. అంటే ఒకచోట పూటపని చేస్తే భృతి పోతుంది, మరోచోట పూటపని చేస్తేనే భృతి వస్తుంది.

సాయం తీసుకుంటున్నవారు ఏం చేయాలి?

మొదట, ఏ పథకం కింద డబ్బు తీసుకుంటున్నారో స్పష్టంగా తెలుసుకోవాలి. పీఎఫ్‌కు సరిపోయిన జవాబు ఈఎస్ఐకి సరిపోదు.

రెండోది, నిరుద్యోగిగా ప్రకటన ఇచ్చే ముందు అందులోని తేదీలు చూసుకోవాలి. ఏ కాలానికి సాయం కోరుతున్నారో ఆ కాలంలో పని చేసి ఉంటే, ఆ సంగతి దాచి సంతకం పెట్టకూడదు. కొత్త ఉద్యోగంలో చేరిన తేదీ తర్వాతి రోజులకు సాయం కోరకూడదు.

మూడోది, గిగ్ పని, ట్యూషన్ వంటి అనుమానం ఉన్న సందర్భాల్లో ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు రసీదు తీసుకోవాలి. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పిన 'ఏం ఫర్వాలేదు' రేపు రికవరీ నోటీసు వస్తే ఆదుకోదు.

నాలుగోది, 90 రోజుల సాయం జీవితకాలపు కోటా. వారం పది రోజుల్లో ఉద్యోగం ఖాయమయ్యే పరిస్థితి ఉంటే తొందరపడి దరఖాస్తు చేయడం కంటే ఆలోచించుకోవడం మేలు.

మార్పు కష్టమా?

సంపాదనకు తగ్గట్టు సాయాన్ని తగ్గించాలంటే ఆ సంపాదన ప్రభుత్వానికి కనిపించాలి. చేతికి డబ్బిచ్చే పనులున్న దేశంలో అది సాధ్యం కాదన్నది ఇన్నాళ్లూ వినిపించిన అభ్యంతరం. అందులో కొంత నిజం ఉంది. కొట్లో లెక్కలు చూసినందుకు ఇచ్చే రెండు వేలకు రసీదు ఉండదు.

కానీ డెలివరీ యాప్‌ల చెల్లింపులు బ్యాంకు ఖాతాలోనే పడతాయి. ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు ఆధార్‌తో ముడిపడి ఉన్నాయి. గిగ్ వర్కర్ల నమోదుకు కోడ్ దారి వేసింది. కనీసం ఈ పనుల వరకైనా ఒక పరిమితి పెట్టి, ఆపై సంపాదనకు తగ్గట్టు సాయం తగ్గించే వీలుంది. పై లెక్కలో చూసినట్టు, అలా చేస్తే నిధిపై భారం పెరగదు, తగ్గుతుంది. నెలకు 6,000 రూపాయల పని దొరికిన కార్మికుడు ఆ సంగతి బయటికి చెప్పడానికి భయపడాల్సిన అవసరమూ ఉండదు.